మూట కూలీ – మనిషి టిక్కెట్టు

అంతరిక్ష ప్రయాణం చవక అయిపోయిందని వింటే ఎవరికైనా ఓ చిన్న ఆశ పుడుతుంది గదా! 1969లో చంద్రుడిమీద మనిషి దిగాడని రేడియోలో విన్నప్పుడు నాకు పదకొండేళ్ళు. పైనుంచి ఒక్కసారి భూమిని చూడాలన్న కోరిక ఆనాటిదే.

చవక అయినమాట నిజమేనండీ. అదివరకు రాకెట్టంటే విస్తరాకు. ఒక్కపూట వాడి పారేయడమే. అమెరికాలో స్పేస్‌ఎక్స్ అనే ప్రైవేటు కంపెనీవారు 2015 డిసెంబరులో ఫాల్కన్ 9 రాకెట్టు కింది అంతస్తును నిలువునా నేలమీదికి దింపారు. 2017 మార్చిలో, ఒకసారి వాడినదాన్నే మళ్ళీ ఎగరేశారు. విస్తరాకు కాస్తా కంచమైంది! (పై అంతస్తు ఇంకా విస్తరాకేననుకోండి.) కిలో బరువు పైకి పంపడానికి స్పేస్ షటిల్‌మీద సుమారు 54,500 డాలర్లయితే, దీనిమీద సుమారు 2,700 అని 2018లో ఒక లెక్క వేశారు.

అయితే ఇది మూటల కూలీ. మనుషుల మాటేమిటి? 2001లో డెన్నిస్ టిటో రష్యావారి రాకెట్టులో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిరావడానికి 2 కోట్ల డాలర్లు ఇచ్చాడన్నారు. 2022లో స్పేస్‌ఎక్స్ నౌకలో అక్కడికే వెళ్ళిన ధనవంతులు తలకు 5 కోట్ల 50 లక్షలట! మూటకు గాలి అక్కర్లేదు, అన్నం అక్కర్లేదు, క్షేమంగా ఇల్లు చేరనక్కర్లేదు మరి.

మన తెలుగింటి ఆడపడుచు బండ్ల శిరీష 2021 జూలైలో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచుదాకా వెళ్ళివచ్చింది. టిక్కెట్టు కొనుక్కుని కాదు, ఆ కంపెనీ ఉద్యోగినిగా. ఈ ముక్క మా మనవరాలి చెవిన వేశాను. నేను మాత్రం మూట రేటు మనిషిదాకా ఎప్పుడు దిగుతుందా అని ఇంకా కాచుకునే ఉన్నాను.