అమ్మ చేతి మీది మచ్చ

మా అమ్మకి వంకాయంటే ప్రాణం. అలాంటిది మూడేళ్ళు నోట పెట్టలేదు. ఎందుకో చెబుతాను, వినండి.

1993లో అమ్మ ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి దద్దురు లేచింది. ఒకటే మంట, దురద. వారం పదిరోజులకి తగ్గి నల్లమచ్చ మిగిలింది. రెండు నెలలకి మళ్ళీ సరిగ్గా అక్కడే! "వంకాయ పడటంలేదే నీకు" అంది నాయనమ్మ. అమ్మ వంకాయ మానేసింది గానీ దద్దురు మానలేదు.

చివరికి చర్మవ్యాధుల డాక్టరుగారు "ఏం మందులు వాడతారమ్మా?" అని అడిగారు. "ఏమీ లేవండీ" అంది అమ్మ. విరేచనం కానప్పుడు వేసుకునే మాత్ర ఆవిడ లెక్కలో మందే కాదు! పక్కనున్న నేను చెప్పేశాను. ఆయన అట్ట తెప్పించి చూశారు. అందులో ఫినాఫ్తలీన్ ఉంది. పడనివాళ్ళకి అది వేసుకున్నప్పుడల్లా అదే చోట దద్దురు లేస్తుందట. మాత్ర ఆపాక మళ్ళీ రాలేదు.

ఇంటర్ ల్యాబులో రంగులేని ఫినాఫ్తలీన్ క్షారంలో గులాబీరంగుకి తిరిగితే నాకు అమ్మ చెయ్యే గుర్తొచ్చింది. ఎలుకల్లో కాన్సరు కనిపించిందని 1999లో అమెరికాలో దాన్ని విరేచనాల మందుల్లోంచి తీసేశారు. అయితే కొన్ని నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్ వల్ల కూడా ఇలాంటి మచ్చలు వస్తాయి.

అందుకే అక్కయ్యలూ, డాక్టరు అడిగితే ఎంత చిన్న మాత్రయినా దాచకండి. జ్వరంతో పాటు నోట్లో, కళ్ళలో పుళ్ళు, ఒంటిమీద బొబ్బలు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఆ సాయంత్రం అమ్మ గుత్తివంకాయ వండింది. ముందు తనే వడ్డించుకుంది.