పొల్లు తెలిసిన చెవి

మా పాపకు ఆరేళ్లు, ఇంగ్లండ్‌లో ఇయర్ వన్ చదువుతోంది. ‘పిన్’ స్పెల్లింగ్ అడిగితే పి, ఐ, ఎన్ అనదు. ప్, ఇ, న్ అంటుంది. వీడియో కాల్‌లో అది విని మా అమ్మ, “ఏబీసీడీలు రావా తల్లీ నీకు?” అని కంగారుపడింది. వచ్చు. ఇక్కడి బళ్లలో అక్షరం పేరుకంటే దాని ధ్వనికే పెద్దపీట. జూన్‌లో ఈ తరగతి పిల్లలతో 40 మాటలు చదివిస్తారు. వాటిలో సగం అర్థమే లేని కల్పిత మాటలు. బట్టీ అక్కడ పనికిరాదు.

టీచర్లు తల్లిదండ్రులకు పదేపదే చెప్పేదొకటుంది: ‘ప’ అనకండి, ‘ప్’ అనండి. ప, ఇ, న అని పలికితే అవి కలిసి ‘పిన్’ కావు. ఈ తేడాను రాసి చూపడానికి ఇంగ్లీషులో గుర్తు లేదు. మనకు పొల్లు ఉంది! పలక మీద ‘ప’ రాసి, దానికి పొల్లు పెట్టి చూపించగానే మా పాపకు అర్థమైంది. ప్‌కు ఇ కలిస్తే పి అని గుణింతంలో నేర్చిందే కదా. తెలుగు నేర్పితే ఇంగ్లీషు చెడుతుందని భయపడే తల్లిదండ్రులకు నేను గట్టిగా చెప్పేది ఇదే: మాటను ధ్వనులుగా విడదీయడానికి గుణింతం సాయపడుతుంది.

స్పెల్లింగ్‌కు కావలసింది ఆ విడదీయడమే. ‘షిప్’ అనగానే పాప మూడు వేళ్లు మడుస్తుంది: ష్, ఇ, ప్. తర్వాతే పెన్సిలు పడుతుంది. ‘ష్’కు ఎస్, హెచ్ రెండూ కావాలి. ఉన్నవి 26 అక్షరాలు, ధ్వనులేమో దాదాపు 44. జంటలు కట్టక తప్పదు.

ఇంగ్లీషులో ‘నీ’ అంటే మోకాలు. దానికి ముందు పలకని ‘కె’ ఎందుకని పాప అడిగింది. “అదంతే” అని నేనెప్పుడూ అనను. పూర్వం ఆ ‘క్’ను పలికేవారు. 1476లో విలియం కాక్స్టన్ ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చాక రాత క్రమంగా స్థిరపడింది, పలుకు మాత్రం మారుతూ పోయింది. కారణం తెలిసిన అక్షరాన్ని పాప వదిలేయదు.

వి, డబ్ల్యూల దగ్గరే ఎక్కువ సాధన కావాలి. మన చెవికి రెండూ ‘వ’యే. ‘వెట్’ అంటే పశువుల డాక్టరా, తడా? అద్దం ముందు ఇద్దరం పలుకుతాం. వికి పైపళ్లు కింది పెదవిని తాకుతాయి, డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా ముందుకొస్తాయి. ఈ వారం వి మాటలే రాయిస్తున్నాను, డబ్ల్యూ వచ్చే వారం.