చాప మీద ఎవరి పక్కన ఎవరు

వాడపల్లిలో గర్భిణుల, బాలింతల సమావేశం పెట్టాలంటే ముందు శనివారం వదిలెయ్యండి. ఏడు శనివారాల మొక్కుకి వచ్చే జనంతో వెంకన్న గుడి దారి కిక్కిరిసిపోతుంది. మంగళ, శుక్రవారాలు పసిబిడ్డతో గడప దాటనివ్వని ఇళ్లున్నాయి. మిగతా రోజుల్లో వంటావార్పూ అయ్యాక, మధ్యాహ్నం మూడింటికి పిలవండి.

ఆశా కార్యకర్తగా నా మొదటి సమావేశంలో బొమ్మల చార్టు పట్టుకుని ఐరన్ మాత్రల గురించి గంటసేపు చెప్పాను. అందరూ తలలూపారు. మర్నాడు ఇళ్లకెళ్లి చూస్తే మాత్రల షీట్లు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. అప్పటి మా ఏఎన్ఎం అమ్మగారు ఒక్కటే మాటన్నారు: "నువ్వు చెప్పకమ్మా, వేసుకున్నదాని చేత చెప్పించు."

మరుసటి నెల రెండో కాన్పు అమ్మాయితో మాట్లాడించాను. "నాకూ విరేచనం నల్లగా అయితే హడిలిపోయి మానేశాను. అది మందు రంగేనంట. రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి, వికారం ఉండదు. టీతో మాత్రం వద్దు." రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలని నేను ఎన్నిసార్లు చెప్పినా కదలనివాళ్లు ఆ మాటకి కదిలారు.

జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఏక్‌జుట్ సంస్థ ఆడవాళ్లని ఇలాగే కూర్చోబెట్టి మాట్లాడించింది. 2005 నుంచి మూడేళ్లు చూస్తే, అలాంటి బృందాలు లేని ఊళ్లకంటే అక్కడ నెలలోపు పసికందుల మరణాలు 32 శాతం తక్కువ. ఆ ఫలితం 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

అత్తగార్లని పిలవకపోవడం నా రెండో పొరపాటు. పథ్యం వాళ్ల చేతిలో ఉంటుంది. కోడలు ఇక్కడ సరేనన్న కూర అక్కడ కంచంలోకి రాదు. ఇప్పుడు వాళ్లకే ముందు కుర్చీలు వేస్తాను. "నీళ్లు తాగనివ్వకపోతే పాలెక్కడివే?" అని ఒక అత్తగారు ఇంకో అత్తగారిని అడిగితే నా పని సగం అయినట్టే.

పచ్చి బాలింత మన దగ్గరికి రాదు. మనమే వెళ్లాలి. కాన్పయిన ఏడో రోజు ఒక బాలింత ఇంటికెళ్లినప్పుడు ఒక నాలుగు నెలల బిడ్డతల్లిని వెంట తీసుకెళ్లాను. పాలు చాలట్లేదని తొలిచూలు పిల్ల ఏడుస్తోంది, డబ్బాపాలు కొనిపెట్టారు. వెంట వచ్చినామె ఆ పిల్ల మోచేతి కింద తలగడ పెట్టింది. బిడ్డ పొట్ట తల్లి పొట్టకి ఆనించింది. బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా దగ్గరికి తీసుకుంది. గడ్డం రొమ్ముకి తగిలింది. గుటక వినిపించింది. "రోజుకి ఆరు గుడ్డలు తడిపితే పాలు చాలుతున్నట్టే" అంది. ఆ డబ్బా మూత తియ్యలేదు.

ఒక అమ్మాయిని మాత్రం చూసీ చూడలేకపోయాను. రెండు నెలలు చాప చివర మౌనంగా కూర్చుంది. నేను బిడ్డ బరువు చూశాను, టీకా కార్డు చూశాను. ఆమె మొహం చూడలేదు. గాలి సోకిందన్నారు ఇంట్లోవాళ్లు. బిడ్డ పడుకున్నా తనకి నిద్ర పట్టదని చివరికి పక్కనున్న తల్లితో చెప్పుకుంది. డాక్టరుకి చూపించాం, కోలుకుంది.

అందుకే బిడ్డ సంగతి తర్వాత. "నువ్వు పడుకుంటున్నావా అమ్మాయ్?" అని ముందు అడగండి. రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పుడు చాప చివర ఎవరైనా మౌనంగా కూర్చుంటే, కోలుకున్న ఆ అమ్మాయినే వెళ్లి పక్కన కూర్చోమంటాను.