రెండు తీరాల రమ్ము

కరీబియన్ దీవుల ఘాటు, మన బెల్లం తీపి కలిసిన రమ్మును హౌరాలో రుచి చూస్తే నాలుకకు చరిత్ర కూడా తగులుతుంది

సాయంత్రం ఐదు దాటితే హౌరా ఫెర్రీ ఘాట్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. కోల్‌కతాలో పని ముగించుకున్న జనం లాంచీ దిగుతూనే రైల్వే స్టేషన్ వైపు పరుగు తీస్తారు. పక్కన హౌరా వంతెన, కింద బురద రంగు హుగ్లీ. జనపనార మిల్లులకూ ఇనుప ఫౌండ్రీలకూ పేరుపడ్డ ఈ ఊళ్లో కూడా, దేశంలో చాలాచోట్ల లాగే, రమ్ము అనగానే గుర్తొచ్చేది 1954లో మార్కెట్లోకి వచ్చిన ఓల్డ్ మంక్. గ్లాసులో సగం కోలా పోస్తే పానీయం సిద్ధం.

నిమ్మరసం, పళ్లరసాలతో కలిపే ఉష్ణమండల కాక్‌టెయిల్‌కు ఇంకాస్త హంగు కావాలి. తేలికపాటి రమ్ము పళ్లరసంలో జాడ లేకుండా పోతుంది. మరీ ఘాటైనదైతే పళ్ల రుచిని మింగేస్తుంది. అందుకే వేర్వేరు ప్రాంతాల రమ్ములను కలిపి బ్లెండ్ తయారుచేస్తారు. బెంగళూరులోని అమృత్ డిస్టిలరీస్ 2013లో తెచ్చిన 'టూ ఇండీస్' అలాంటిదే. జమైకా, బార్బడోస్, గయానా రమ్ములకు భారతీయ బెల్లంతో చేసిన రమ్మును జోడించారు. మన దేశంలో రమ్ము ఎక్కువగా చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ నుంచే వస్తుంది కాబట్టి బెల్లం వాడడం విశేషమే.

గ్లాసును ముక్కు దగ్గరకు తెస్తే ముందు పలకరించేది బాగా మగ్గిన అరటిపండు వాసన. అది జమైకా వాటా. మాడిన పంచదార లాంటి బరువైన రుచి గయానాది. బార్బడోస్ రమ్ము ఈ రెంటి మధ్యా రాజీ కుదురుస్తుంది. గుటక దిగాక గొంతులో మిగిలే వెచ్చని తీపి మాత్రం తెలుగు నాలుకకు కొత్తకాదు. పండక్కి అరిసెల పాకం పడుతున్న ఇంట్లోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది.

బెంగాల్‌లో దీనికి తగిన తోడు గంధరాజ నిమ్మ. రసం తక్కువ, సువాసన ఎక్కువ. మామూలు నిమ్మరసం పిండి, గంధరాజ తొక్కను పైన నలిపితే చాలు. చలికాలమైతే పంచదారకు బదులు ఒక చెంచాడు నోలెన్ గుడ్, అంటే ఈత చెట్ల నుంచి తీసే కొత్త బెల్లం. సారా, చక్కెర, నిమ్మ, నీళ్లు, మసాలా అనే అయిదు దినుసుల పానీయం కాబట్టే 'పంచ్'కు ఆ పేరు వచ్చిందని, అది హిందీ 'పాంచ్' అని చాలామంది నమ్మకం. ఈ కాక్‌టెయిళ్లకు పూర్వీకుడు ఆ పంచే.

చెరకు విషయంలో హౌరాతో తెలుగువారికి చుట్టరికం కూడా ఉంది. శిబ్‌పూర్‌లో రాబర్ట్ కిడ్ 1787లో ప్రారంభించిన బొటానికల్ గార్డెన్‌కు 1793లో బాధ్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు పనిచేసింది సామర్లకోటలో. గోదావరి ప్రాంత రైతుల చెరకు సాగు, బెల్లం తయారీ గురించి ఆయన వివరంగా రాశాడు. 1796లో ఈ తోటకు చైనా చెరకు చేరింది. దానికి శాస్త్రీయ నామం పెట్టిందీ ఆయనే.

తోట గట్టున నిలబడితే నదికి అవతల గార్డెన్ రీచ్ కనిపిస్తుంది. ఇటు చెరకు మొక్కలు దిగుమతైతే, అటు మనుషులు ఎగుమతయ్యారు. 1838 జనవరిలో 'విట్బీ', 'హెస్పెరస్' ఓడలు కలకత్తా నుంచి ఒప్పంద కూలీలతో బయలుదేరి మే 5న గయానా చేరాయి. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులకు చౌక కూలీలు కావలసి వచ్చారు. వారిలో ఒకరైన జాన్ గ్లాడ్‌స్టన్ కొడుకే తర్వాత బ్రిటన్ ప్రధాని అయ్యాడు. ఒప్పంద వ్యవస్థ 1917లో ఆగేలోగా దాదాపు 2.4 లక్షల మంది భారతీయులు ఒక్క గయానాకే వెళ్లారు. మద్రాసు నుంచి సాగిన ఓడల్లో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. వాళ్లు నరికిన చెరకే అక్కడ చక్కెరైంది, రమ్మైంది.

గార్డెన్ రీచ్‌లోని సురినామ్ ఘాట్ వద్ద 2015 అక్టోబరులో 'మాయీ బాప్' స్మారకాన్ని ఆవిష్కరించారు. మూట చేత పట్టుకుని కదిలిన భార్యాభర్తల విగ్రహం అది. అక్కడి నుంచి ఓడెక్కిన వారిలో చాలామంది మళ్లీ ఈ నదిని చూడలేదు.

రెండు ఇండీస్‌ల రమ్ములూ ఒకే సీసాలోకి వచ్చినా లేబుల్ మీద ఈ కథ అంతా పట్టదు. హౌరాలో గ్లాసు ఎత్తే వారికి మాత్రం అది పెద్ద దూరం కాదు. నది దాటితే చాలు.