వేడి చల్లారకముందే



ముప్పైమూడేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ బోధించినవాడిని. అంట్లు తోమడం గురించి రాయవలసిన రోజు వస్తుందని ఏనాడూ ఊహించలేదు. కానీ ఈ మధ్య నేను శ్రద్ధగా అభ్యసించిన విద్య అదొక్కటే.

మా ఆవిడ కాలం చేసి మూడేళ్ళయింది. తెనాలిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. కిందటేడు పొయ్యి మీద పాలు పెట్టి, పుస్తకంలో పడి మరచిపోయాను. గిన్నె మాడి పొగ వీధిలోకి వెళ్ళింది. పక్కింటివారు ఆ వార్తను హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి చేరవేశారు. "ఇక మీరొక్కరే అక్కడ ఉండొద్దు నాన్నగారూ" అంది. నేను ససేమిరా అన్నాను. చివరికి గ్యాసు పొయ్యి వీలైనంత తక్కువ వాడాలన్న షరతు మీద, సమయం కాగానే దానంతటదే ఆగిపోయే విద్యుత్ గ్రిల్లొకటి మా ఇంటికి వచ్చింది. (దీన్ని తెలుగులో ఏమనాలో పెద్దలు సెలవియ్యాలి. కుంపటి అందామంటే నిప్పు లేదు. శూలానికి గుచ్చి కాల్చిన మాంసానికి అమరసింహుడు శూల్యం, భటిత్రం అని పేర్లు చెప్పాడు గానీ, నేను కాల్చేవి వంకాయ ముక్కలాయె!)

పుస్తకంలా తెరుచుకొనే యంత్రమది. పైనొక పలక, కిందొక పలక, రెంటి మీదా దున్నిన చేనులా చాళ్ళు. కింది పలక కాస్త వాలుగా ఉంటుంది. నూనె జారి ముందున్న చిన్న తొట్టిలో పడుతుంది. పలకలకు టెఫ్లాన్ పూత. 1938లో రాయ్ ప్లంకెట్ అనే అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడికి, శీతలీకరణ వాయువుల మీద ప్రయోగాలు చేస్తుండగా అనుకోకుండా దొరికిన పదార్థం. దానికి ఏదీ అంటదు కదా అన్న ధీమాతో నాలుగు రోజులు తుడవకుండా వదిలేశాను. అంటింది. వంకాయ రసమూ నూనే కలిసి చాళ్ళలో లక్కలా బిగుసుకున్నాయి.

అప్పుడు చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చింతపండూ బూడిదా పెట్టి మా ఆవిడ ఇత్తడి బిందెలు తళతళలాడించడం చూసిన కళ్ళు కదా, తోమితే పోనిదేముందనుకొని స్టీలు పీచు పట్టాను. మురికి పోయింది, దానితోపాటు పూతా పోయింది. అమ్మాయి వస్తోందని తెలిసి యంత్రాన్ని అటక మీద దాచాను. ఆమె కనిపెట్టనే కనిపెట్టింది. తెరిచి, ఆ గీతలు చూసి, మాట్లాడకుండా మూసింది. తిట్టినా బాగుండేది. మరుసటి వారం రెండోది పంపింది. ఇదే ఆఖరి అవకాశమని ఆమె అనలేదు, నేననుకున్నాను.

కిటుకంతా వేళలో ఉంది. వంట కాగానే ప్లగ్గు ఊడదీయాలి. పది నిమిషాలు ఆగాలి. పలకలు గోరువెచ్చగా కంటే కాస్త ఎక్కువ వేడిగా ఉన్నప్పుడే, తడిపి పిండిన నూలుగుడ్డ పరచి మూత వేయాలి. ఆ ఆవిరికే మడ్డి మెత్తబడుతుంది. తరవాత చెక్క గరిటె అంచుతో చాళ్ళ వెంట నెట్టి, సబ్బునీటి గుడ్డతో ఒకసారి, ఉత్త తడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి. తొట్టిని కుళాయి కింద కడగవచ్చు. యంత్రాన్ని మాత్రం నీళ్ళలో ముంచరాదు, మీద నీళ్ళు పోయరాదు. అందరూ మరిచేది వెనక కీలు దగ్గర. అక్కడ చేరిన నూనె మర్నాడు కాగి ఇల్లంతా పొగవాసన కొడుతుంది. దానికి పాత పళ్ళబ్రష్షును మించిన సాధనం లేదు.

మా ఆవిడ అట్లపెనాన్ని ఎన్నడూ సబ్బు పెట్టి తోమలేదు. వేడి చల్లారకముందే గుడ్డతో తుడిచి, నూనెలో ముంచిన వంకాయ ముచ్చికతో రుద్ది పక్కన పెట్టేది. ఎదురుగా కూర్చుని అట్లు తిన్నానే గాని, అలా ఎందుకు చేస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే మొదటి యంత్రం దక్కేది.

మొన్న అమ్మాయి వచ్చింది. నేను చూడడం లేదనుకొని గ్రిల్లు తెరిచి, కీలు వెనక వేలు పెట్టి రాసి, వాసన చూసుకుంది.

"నాన్నగారూ, వంకాయలున్నాయా?" అంది.

ఉన్నాయన్నాను.