బార్ట్‌లీ వెన్నెల

తెనాలి, జనవరి 12, 2025. ఆదివారం

పెద్దాడు పండక్కి అమెరికా నుంచి దిగాడు. పెట్టెలో నాకోసం సత్యజిత్ రాయ్ ‘అపు’ సినిమాలు మూడూ బ్లూరేలో తెచ్చాడు. అక్కడి డిస్కులు ఇక్కడి ప్లేయర్లలో ఆడవని ప్లేయరు కూడా మోసుకొచ్చాడు. అవి తర్వాత చూద్దామని, రాత్రి అన్నాలయ్యాక నా పాత వీసీడీలో ‘మాయాబజార్’ పెట్టాం.

నౌకావిహారం పాట రాగానే మా ఆవిడ గొంతు కలిపింది. రెండో చరణానికే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లు పిల్లలకు సంగీతం చెప్పిన మనిషి. “ఈ పాట ఇంత పైన ఉండదండీ” అంటూ శ్రుతిపెట్టె తీసింది. ఏ మీటకీ కుదరలేదు. బీరువాలోంచి డీవీడీ తీసి అదే పాట వేశాం. రెండింటికీ అర శ్రుతికి కాస్త తక్కువ తేడా ఉంది.

కారణం పెద్దాడు చెప్పాడు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిలో 25. అందుకని వీసీడీలో సినిమాని ఆ వేగంతోనే పరుగెత్తిస్తారు. దాంతో గొంతులు సన్నబడతాయి, తాళం త్వరపడుతుంది, మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది. మా డీవీడీ అమెరికా పద్ధతిలో చేసింది కాబట్టి అందులో వేగం మారలేదు.

ఇరవై ఏళ్లుగా ఘంటసాలనీ లీలనీ వాళ్లు పాడని శ్రుతిలో విన్నాను. నిద్ర పట్టడం లేదు.

జనవరి 13, భోగి

మంటల దగ్గర్నుంచి రాగానే డీవీడీ మళ్లీ వేసి చూశాను. శ్రుతి సరే, బొమ్మ సంగతి? మూల మీద కంపెనీ ముద్ర సినిమా అయ్యేదాకా పోదు. గీతలు తుడిచే యంత్రం గీతలతోపాటు ఫిల్ము రేణువుల్నీ తుడిచేసింది. ఎస్వీ రంగారావు బుగ్గలు మైనం పూసినట్టున్నాయి. వెనకనున్న బుసని తీసేయబోయి ‘స’, ‘శ’ అంచులు కోసేశారు. సావిత్రి నవ్వులో ఊపిరి వినిపించదు. కాస్త బుస ఉన్నా నాకు ఫర్వాలేదు, ఆ ఊపిరి కావాలి.

జనవరి 15, కనుమ. రాత్రి

పెద్దాడు తెచ్చిన మూడింట్లో మొదటిది, ‘పథేర్ పాంచాలి’ చూశాం. ఎవరమూ మాట్లాడలేదు.

1993లో లండన్‌లో ఒక ల్యాబు తగలబడి ఈ మూడు సినిమాల అసలు నెగటివ్‌లూ కాలిపోయాయి. మాడి, వంకర తిరిగి మిగిలిన చుట్టల్ని పారేయకుండా అమెరికాలో ఆస్కార్లిచ్చే అకాడమీ వాళ్లు దాచారు. ఏళ్ల తర్వాత ఇటలీలో బొలోనియా ల్యాబులో వాటికి తేమ పట్టించి మెత్తబరిచారు. అతుకుల జిగురు గీకి, ఫిల్ము అంచుల్లో చిరిగిన రంధ్రాలు ఒక్కొక్కటీ చేత్తో కట్టారు. దాదాపు వెయ్యి గంటల చేతిపని. మూడో సినిమా నెగటివ్ పనికే రాలేదు. దానికి వేరే దేశాల్లో దొరికిన నకళ్లే ఆధారం. 2015లో అన్నీ బయటికొచ్చాయి.

అంత చేసీ వాళ్లు సినిమాని కొత్తగా కనిపించేలా చెయ్యలేదు. రేణువు అలాగే ఉంది. రెల్లుపూల మధ్య పిల్లలు పరుగెత్తుతుంటే కెమెరామన్ సుబ్రత మిత్ర పట్టిన ఎండ ఎండలానే ఉంది. రవిశంకర్ సితారు ఎదురుగా ఒకేచోటు నుంచి వస్తోంది, గది నలుమూలల నుంచీ కాదు.

“నాన్నా, మన ‘మాయాబజార్’ ఇలా ఉంటే?” అన్నాడు పెద్దాడు. నా మనసులో ఉన్నదీ అదే.

జనవరి 19, ఆదివారం

పెద్దాణ్ణి రైలెక్కించి వచ్చాను. ‘మాయాబజార్’ గురించి వాడన్న మాటే మనసులో తిరుగుతోంది.

2010లో వచ్చిన రంగుల ‘మాయాబజార్’ని నేనూ హాల్లోనే చూశాను. ఫ్రేము ఫ్రేముకీ రంగులు దిద్దిన కళాకారుల కష్టాన్ని తక్కువ చెయ్యను. దానివల్ల కొత్త తరం హాలుకొచ్చింది, అదీ నిజమే. కానీ కొన్ని పాటలూ పద్యాలూ తీసేశారు. సినిమాస్కోప్‌కి మార్చారు. దాదాపు చదరంగా తీసిన బొమ్మని సాగదీయకుండా అంత వెడల్పు తెరలో నింపాలంటే ఎత్తులో ఐదింట రెండు పాళ్లు పోవాల్సిందే. దర్శకుడు కె.వి.రెడ్డి ఎక్కడ కిరీటం ఉండాలో, ఎక్కడ పాదం ఉండాలో కొలిచి పెట్టుకున్న చట్రం అది.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ 1957 నాటి ఈ సినిమాలో నౌకావిహారం పడవ మీద వెన్నెల కాయించినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి తెలుపూ నలుపూ, మధ్యలో వెయ్యి బూడిద ఛాయలూ. నీటి మీది మెరుపు సావిత్రి చెంపకి ఎంతవరకు అందాలో వాటితోనే లెక్కకట్టాడు. దానిమీద నీలం పూస్తే ఆ లెక్క కనపడదు.

ఈ సినిమా మంచి ప్రింటు, నెగటివ్ ఎవరి దగ్గరున్నా సరే, వాళ్లకి నా మనవి. నలుపు తెలుపుల్లోనే, నిండు చట్రంతో, ఒక్క పద్యం కూడా కత్తిరించకుండా, అప్పటి ఒంటి శబ్దంతో, అసలు శ్రుతిలో ఒక్క డిస్కు వెయ్యండి. మూల మీద మీ ముద్ర మాత్రం వద్దు.