అమ్మా... పక్కకి!

రాత్రి రెండు గంటలు. గోపన్‌పల్లిలోని ఆ అపార్ట్‌మెంటు మొత్తం నిద్రపోతోంది. విప్రో వైపు వెళ్లే నైట్‌షిఫ్టు క్యాబుల చప్పుడు తప్ప వీధిలో అలికిడి లేదు. గ్రౌండ్‌ఫ్లోర్ ఫ్లాటులోంచి మాత్రం చిన్న గొంతు... ‘అమ్మా... పక్కకి!’

ఆమె లేచింది. పదమూడేళ్ల కొడుకు నడుం కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి. నెమ్మదిగా కుడి పక్కకి తిప్పి, వీపు వెనక ఒక దిండు, కాళ్ల మధ్య ఇంకో దిండు పెట్టింది. వాడు అప్పటికే మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు. ఇక నాలుగింటికి మరోసారి. నిద్రలో అటూ ఇటూ దొర్లడం కూడా కండరాలు చేసే పనేనని చాలామందికి తట్టదు. ఆమెకూ ఒకప్పుడు తెలీదు.

నాలుగేళ్లప్పుడు వాడు తరచూ పడిపోతుండేవాడు. ‘పిల్లలన్నాక పడరా!’ అనేవారు అత్తయ్య. పైగా వాడి పిక్కలు చూస్తే అందరికీ ముచ్చటే. ‘పహిల్వాన్ అవుతాడు’ అని నాన్న మురిసిపోయేవాడు. యూకేజీ టీచరమ్మ మాత్రం ఓ రోజు మెల్లగా చెప్పింది... కింద కూర్చున్న పిల్లలంతా చటుక్కున లేస్తే, వీడొక్కడే ముందు నేల మీద చేతులు ఆనించి, తర్వాత మోకాళ్లు, ఆపైన తొడలు పట్టుకుని, తన ఒంటి మీదే తాను ఎక్కుతున్నట్టు లేస్తున్నాడని. డాక్టరు కూడా వాణ్ని నేల మీద కూర్చోబెట్టి లేవమన్నారు. అలా లేవడాన్ని గోవర్స్ సైన్ అంటారట. రక్తపరీక్షలో సీపీకే వందల్లో ఉండాల్సింది వేలల్లో వచ్చింది. ఆ తర్వాత జన్యుపరీక్ష. జబ్బు పేరు డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. ముచ్చటపడిన ఆ పిక్కల్లో ఉన్నది బలం కాదు... కండ కరిగిన చోట చేరిన కొవ్వు, పీచు!

కండరం కదిలిన ప్రతిసారీ అది చిరిగిపోకుండా కాపాడేది డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లలకు రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి చెడినా రెండోది చాలావరకూ ఆదుకుంటుంది. మగపిల్లాడికి ఉన్నది ఒక్కటే, అదీ అమ్మ నుంచి వచ్చిందే. అందుకే ఈ జబ్బు దాదాపుగా మగపిల్లలదే.

‘అమ్మ నుంచి’... ఆ ఒక్కమాట చాలు చుట్టాలకి. మూడోవంతు కేసుల్లో తల్లిలో ఏ లోపమూ ఉండదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. కానీ రిపోర్టు వచ్చేదాకా ఆగేదెవరు? ఆమె విషయంలో రిపోర్టు కూడా అవుననే చెప్పింది. ఆ రోజు ఆమె బాత్రూంలో కుళాయి తిప్పి చాలాసేపు ఏడ్చింది. ఆయన తలుపు కొట్టలేదు. బయటే కూర్చున్నాడు. చిన్నది, ఎనిమిదేళ్ల కూతురు, దానికీ ఆ లోపం వచ్చి ఉండటానికి సగానికి సగం అవకాశం. పరీక్ష దానికి పెద్దయ్యాక, అది తేల్చుకుంటుంది అనుకున్నారిద్దరూ.

ఆపైన స్టెరాయిడ్లు. అవి జబ్బును తగ్గించవు. నడకను ఇంకొంతకాలం నిలబెడతాయి, అంతే. అందుకు మూల్యం... గుండ్రటి మొహం, పెరగని ఎత్తు, తీరని ఆకలి. ‘బొద్దుగా ఉన్నాడు, ఏం పెడుతున్నారండీ?’ అని లిఫ్టులో అడిగేవారికి ఆమె నవ్వేసి ఊరుకునేది. ఉప్పు తగ్గించాలి కాబట్టి ఇంట్లో ఆవకాయ జాడీ అటకెక్కింది. వాడి ముందు తినడం ఎందుకని ఎవ్వరూ వేసుకోరు!

పదకొండో ఏట నడక ఆగింది. నాలుగో అంతస్తు సొంత ఫ్లాటు అద్దెకిచ్చి, కింద అద్దెకు దిగారు. స్కూల్లో ఏడో తరగతి మేడ మీద. సెక్షన్ కిందికి మార్చమని నెలరోజులు తిరిగాడు నాన్న. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మస్క్యులర్ డిస్ట్రఫీ పేరు స్పష్టంగా ఉంది. ఆ కాగితం పట్టుకెళ్లినా పని కాలేదు. చివరికి క్లాస్‌టీచరు ‘నా పిల్లలందరితో నేనే కిందికి వస్తా’ అనడంతో అయింది.

చుట్టాలు అమెరికా నుంచి వాట్సాప్‌లో ఆశ పంపుతుంటారు. 2023లో అక్కడ అనుమతి పొందిన జన్యుచికిత్స ధర 32 లక్షల డాలర్లు. నాన్న రూపాయల్లోకి మార్చి చూసి ఫోను పక్కన పెట్టేశాడు. 2025లో, నడక ఆగిపోయిన ఇద్దరు అబ్బాయిలు ఆ చికిత్స తర్వాత కాలేయం దెబ్బతిని చనిపోయారు. నడవలేని పిల్లలకు దాన్ని ఇవ్వడం ఆపేశారు. డబ్బున్నా దొరకనిదైంది. చిత్రంగా, ఆ రాత్రి ఆయన చాన్నాళ్ల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

ఆమె దాచిన కథ ఒకటుంది. హైదరాబాదీ చదరంగం ఆటగాడు కొలవెన్ను వెంకటేశ్‌ది. ఇదే జబ్బు. 2004లో, ఇరవై అయిదేళ్ల వయసులో, తన అవయవాలు పాడయ్యేలోపే ఎవరికైనా ఇవ్వాలని, అందుకు ప్రాణాధార యంత్రాలు తీసేయమని కోరాడు. ఆ కోరిక పట్టుకుని హైకోర్టుకెళ్లింది అతని తల్లి సుజాతే. చట్టం ఒప్పుకోలేదు, కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే అతను కన్నుమూశాడు. కళ్లు దానం చేశారు. 2022లో కాజోల్ తల్లిగా, రేవతి దర్శకత్వంలో ‘సలామ్ వెంకీ’ వచ్చింది. బిడ్డను బతికించమని ఏ అమ్మయినా కోర్టుకెళ్తుంది. ఆ తల్లి వెళ్లింది అందుకు కాదే! ఆమె ఆ సినిమాను సగంలో ఆపేసింది. రెండో సగం ఇంతవరకూ చూడలేదు.

మొన్నో ఆదివారం నల్లగండ్ల చెరువు దగ్గర, చక్రాల కుర్చీలో కూర్చుని ఫోన్లో చదరంగం ఆడుకుంటున్న కొడుకు తలెత్తకుండానే అడిగాడు.

‘అమ్మా, వెంకటేశ్ అన్నయ్యకి ఇరవై అయిదేళ్లేనా?’

ఎన్నేళ్లుగానో సిద్ధం చేసుకున్న జవాబులన్నీ ఎటో పోయాయి. ‘అప్పట్లో గుండెకి మందులు ఇంత ముందుగా మొదలుపెట్టేవాళ్లు కాదు నాన్నా. రాత్రిళ్లు ఊపిరికి సాయం చేసే మిషన్లూ అందరికీ అందేవి కాదు. ఇప్పుడు ముప్ఫై దాటుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు.’

నలభై అని అనలేదు. అబద్ధం చెప్పకూడదని ఆయనా ఆమే ఎప్పుడో అనుకున్నారు.

వాడు కాసేపు బోర్డు వంకే చూశాడు. ‘అంటే నాకింకా...’

‘ముందు ఆట చూడు. నీ ఏనుగు పోతోంది.’

‘తెలుసు. కావాలనే ఇస్తున్నా’ అన్నాడు వాడు.

ఆ రాత్రి రెండింటికి వాడు పిలవలేదు. ఆమే ఉలిక్కిపడి లేచి వెళ్లింది. వాడు కళ్లు తెరిచే ఉన్నాడు. ‘నువ్వు నిద్రపోతున్నావని పిలవలేదమ్మా’ అన్నాడు.

‘ఇంకెప్పుడూ అలా చెయ్యకు’ అంది. కోపంగానే అంది. నడుం కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి...

‘ఎడమ పక్కకి’ అన్నాడు వాడు.